తాడి, కొండ గాడిలో నిలిచేదాకా

అశ్విని కార్తె. ఎండ బాగా ఉంది.

పైడితల్లి పిన్ని బట్టీ నుంచి ఈ ఏటి మొదటి జీడి నూనె వచ్చింది. పిన్ని జీడిపిక్కలు కాల్చి పప్పు అమ్ముకుంటుంది. డొల్లల్లోంచి కారిన నూనె నాకు పోస్తుంది. ఒంటికి తగిలితే తోలు ఊడుతుంది కాబట్టి చేతులకి ఆముదం పూసుకుని, బూడిద అద్దుకుని వడపోశాను. ఈ నూనెని వండితే బంక అవుతుంది. బంకకి తోడు కలిపితే రాయిలా గట్టిపడుతుంది. తోడు పట్నం నుంచి సీసాల్లో వస్తుంది. పాలకి వేసినట్టే కొంచెం వేసి కలపాలి కనక మావాళ్ళు ఆ పేరు పెట్టారు. పాత పుస్తకాల్లో ఈ బంకని రెజిన్ అన్నారు.

మధ్యాహ్నం గున్నయ్య తాత వచ్చాడు, కూతురు నూకాలు భుజం పట్టుకుని. తాత గడప దగ్గర ఆగి కాలితో ఎత్తు చూసుకున్నాడు.

"గవ్వలపేటకి పలక పొయ్యాలే గుంటా," అన్నాడు. నాకు యాభై దాటాయి. ఆయనకి నేను ఇంకా గుంటనే, చిన్నపిల్లనే.

గవ్వలపేట వాళ్ళ ఊరు. సముద్రం మీదికొచ్చి ఊరంతా నీళ్ళ కిందికి పోయాక వాళ్ళని ఈ మెట్టమీద జీడితోటల్లో దించారు. పడవలు నడిపిన మగవాళ్ళలో ఇప్పుడు మిగిలింది తాత ఒక్కడే. నూకాలు అప్పటికి చిన్నపిల్ల.

నూకాలు చేతితెర తీసి గవ్వలపేట చూపించమంది. తెర వెంటనే చూపించింది. నీలం నీళ్ళు, వరసగా కొబ్బరిచెట్లు, రంగుమేడలు, నవ్వుతున్న పిల్లలు. మళ్ళీ అడిగితే ఇంకో ఊరు చూపించింది. అందులో గాలిగోపురం కూడా ఉంది.

తాత తెరని ముక్కు దగ్గర పెట్టుకుని చూశాడు. "మంచి ఊరే," అన్నాడు. "ఎవులిదో."

అసలు ఫోటోలు ఈ బొమ్మల అడుగున ఎక్కడో ఉండే ఉంటాయి. వాటిని యంత్రాలు ఇన్నేళ్ళుగా బాగుచేస్తూ వచ్చాయి. మాసినచోట రంగు వేశాయి, ఖాళీగా ఉన్నచోట చెట్టు పెట్టాయి. ఏది ముందునుంచీ ఉన్నదో, ఏది తాము పెట్టినదో ఇప్పుడు వాటికే తెలియదు. అందుకే పెళ్ళికైనా, పొలం గట్టుకైనా, పోయిన మనిషికైనా జనం పలక పోయించుకుంటారు. బంకలో పోసిన బొమ్మని తర్వాత ఎవరూ మార్చలేరు. అయితే కళ్ళారా చూసిన మనిషి ఒకరు పదిమందిలో నిలబడి "ఇదే" అనాలి. అంటే అది పలక. అనకపోతే రంగురాయి, కిటికీకి పెట్టుకోవచ్చు.

"బేగి పొయ్యాలప్పా," అంది నూకాలు. "నాయినకి కళ్ళల్లో నీరుకాసులు. పక్కలన్నీ పోయినాయి. గొట్టంలోంచి సూసినట్టు మద్దిన కొంచెం ఉన్నాది. వానాకాలం దాకా ఉంటాదేమో అన్నాడు డాక్టరు."

"ఈ గుంటలు తెరలో ఊరే మా ఊరనుకుంటన్నారు," అన్నాడు తాత. "మొన్నొకడు మన గాలిగోపురం ఎంత ఎత్తు తాతా అనడిగినాడు. నానేటి సెప్పను?"

ఏమివ్వమంటావు అని నూకాలు అడగబోతే వద్దని చెయ్యి ఊపాను. నా ఐదో ఏట ఏరు పొంగి మా ఇంటి కప్పు కొట్టుకుపోయింది. కప్పుతో పాటు నేను కూడా సముద్రంలో పడ్డాను. నన్ను పడవలోకి లాగింది గున్నయ్య తాత. తడి వల కింద పడుకోబెట్టి గవ్వలపేటలో దింపాడు. వాళ్ళ ఇంట్లో గంజి తాగించి, ఎవరో భుజాన వేసుకుని మెట్టమీద మా అత్త ఇంటికి చేర్చారు. నాకు వల వాసన గుర్తు, తాత గొంతు గుర్తు. ఊరు గుర్తు లేదు.

"ఎలగ గురుతుంటాది?" అన్నాడు తాత. "కళ్ళు మూసేసి బిగుసుకుపోయినావు. ఒడ్డుకొచ్చినా తెరవనేదు."

భరణి కార్తె.

బొమ్మలు గీసుకునే నా గీత పలక ఏ తీగకీ కట్టి ఉండదు, యంత్రాల చెయ్యి అందులో పడదు. నేను గీసిందే అందులో ఉంటుంది. పొరకి ఒక బొమ్మ చొప్పున గీసి, గంజిరేకు మీద అచ్చు తీస్తాను. గంజిరేకు బియ్యపు గంజితో చేసింది. బంకలో మునగగానే రేకు కనపడకుండా పోయి రంగు మాత్రం నిలుస్తుంది. అచ్చుయంత్రం ఎండకి నడుస్తుంది. ఈ వారం ఎండకి లోటు లేదు.

ముందు సముద్రం పొర పోశాను. దూరంగా ఉన్నది ముందు, దగ్గరగా ఉన్నది చివర, అది పద్ధతి. ఆకాశానికి పొర వేయం. జీడి బంకది తేనె రంగు, అదే ఆకాశం. రెండో పొర పడవలు, ఒడ్డుకి ముక్కు తిప్పి వస్తున్నట్టు. పక్కన బండలు. బండలు ఎటున్నాయని తాతని అడగడానికి వెళ్తే నిద్రపోతున్నాడు. నూకాలు చెప్పింది, కుడిపక్క అని. కుడిపక్కే వేశాను.

బుడగలు దీపం సెగతో పోగొట్టాను. ఒక చీమ పడింది. పుల్లతో తీశాను.

కృత్తిక కార్తె. వడగాలి.

రెండు పొరలూ రాయిలా గట్టిపడ్డాయి. అచ్చులోంచి తీసి, కిటికీలో నిలబెట్టి తాతని పిలిపించాను. ప్రతి రెండు పొరలకీ చూపించి అడగడం నా అలవాటు. పోశాక తీయడం కుదరదు.

తాత గోడ వారగా కూర్చుని తల అటూ ఇటూ తిప్పుతూ, ఉన్న కొంచెం చూపుని పలకంతా తిప్పాడు.

"కొండేదీ?" అన్నాడు.

"కొండ మన వెనకుంటుంది తాతా. మనం ఒడ్డున నిలబడి సముద్రం చూస్తున్నాం."

"ఎందుకూ?"

సముద్రం బొమ్మంటే అందరూ అలాగే గీస్తారు.

"మనం సముద్రం మీద ఉన్నాం గుంటా," అన్నాడు. "ఊరు ముందున్నాది. ఊరెనక మూపురం కొండ. మరి బండలు అటుపక్కెట్టినావేటి? ఎడం పక్క కదా?"

"కుడి పక్కే నాయినా," అంది నూకాలు. "నాను అక్కడ నత్తలేరీదాన్ని."

"నువ్వు నత్తలేరితే నాను పడవ నడిపినాను. కుడి పక్కనుకొని తిప్పితే పడవ సెక్కలైపోద్ది."

"నత్తలు అబద్దమాడతాయేటి?"

"నత్తలాడవు. నువ్వాడతావు."

తండ్రీ కూతుళ్ళు ఇంటికి వెళ్ళేదాకా అదే గొడవ. తాత నన్ను మాత్రం ఒక్క మాట అనలేదు. వెళ్ళేటప్పుడు "సముద్రం రంగు బాగున్నాది" అన్నాడు.

తోడు సీసాలు మళ్ళీ రావాలంటే వానాకాలం దాటాలి. ఉన్నవి ఒక్క పలకకే సరిపోతాయి. కొత్తగా మొదలుపెట్టడానికి లేదు.

కృత్తిక, మర్నాడు.

పొద్దున ఇల్లు ఊడుస్తుంటే పైడితల్లి పిన్ని కిటికీ బయట నుంచి కేకేసింది. "ఒలె దాలీ, పడవలన్నీ మీ ఇంట్లోకి ఎల్తన్నాయేటే?"

పిన్నికి పలక వెనకవైపు కనపడుతోంది. నేను చీపురు పట్టుకునే బయటికి వెళ్ళి ఆమె పక్కన నిలబడ్డాను. ముందు సముద్రం, దాని అవతల పడవలు, పడవల అవతల ఖాళీ, ఇంకా ఏమీ పోయని చోటు. నేను పడవల వెనక, నీళ్ళ మీద ఉన్నాను. బండలు ఎడమ పక్కకి వచ్చాయి.

తండ్రీ కూతుళ్ళిద్దరిదీ నిజమే. ఆమె ఒడ్డున నిలబడి చెప్పింది, ఆయన పడవలో కూర్చుని చెప్పాడు.

పని ఆగక్కరలేదు. అదే పలక మీద ఇసక, మనుషులు, ఇళ్ళు, తాడి, కొండ, ఈ వరసలో పోసుకుంటూ పోయి, చివర మొత్తం బోర్లించాలి. దగ్గరున్నది ముందు, దూరమున్నది చివర. ఇన్నేళ్ళుగా చేసిన దానికి తలకిందులు.

పిన్నికి మజ్జిగ ఇచ్చాను. ఎందుకిస్తున్నానో చెప్పాను.

"నానేటి సేసినాను? నీ ఇంటిపక్కనించి పోయినాను," అంది. మజ్జిగ మాత్రం రెండు గ్లాసులు తాగింది.

రోహిణి కార్తె.

ఇసక పొర. ఇసక బొమ్మ గీయడం నాకు ఇష్టం లేదు. గవ్వలపేట ఇసక ఇప్పుడు నీళ్ళ అడుగున ఉంది. నూకాలు అటక మీది పాత వల దింపి, దుప్పటి పరిచి దులిపింది. వల ముడుల్లోంచి ఇసక రాలింది. గుప్పెడు కూడా లేదు. ఒక చేప పొలుసు కూడా వచ్చింది. రెండూ బంకలో చల్లాను. పొలుసు ఇసక అంచున పడి, తడిలా మెరుస్తోంది.

తర్వాత మనుషుల పొర. పడవలు వచ్చే వేళకి ఆడవాళ్ళు తట్టలు పట్టుకుని ఒడ్డుకి వచ్చేవారట. నూకాలు తన తల్లి ముఖం వేయమని అడిగింది. ఎలా ఉండేదో చెప్పడం మొదలుపెట్టింది, ముక్కుపుడక, నుదుటి మీద మచ్చ.

"మొకం కనపడదే," అన్నాడు తాత. "పడవలోంచి మొకాలు కనపడతాయేటి? నిలబడ్డం కనపడుద్ది. మీయమ్మ ఒక కాలు మీద బరువేసి నిలబడీది. తట్ట నడుం మీదెట్టీది, నెత్తి మీద కాదు. అది సూసి మా ఇంటిదొచ్చింది అనుకునీవోణ్ణి."

"నెత్తి మీద ఎందుకెట్టీది కాదు?"

"ఎందుకేటి, పొగరు."

నూకాలు నవ్వింది. నేను గీత పలక మీద గోరంత మనిషిని గీశాను. ఒక కాలు మీద బరువు, నడుం మీద తట్ట. తాత కన్ను దగ్గర పెట్టుకుని చూశాడు. "మరి కొంచెం పొగరు," అన్నాడు. నడుం ఇంకాస్త వంచాను. సరే అన్నాడు. ముఖం లేకుండానే పోశాను.

ఆ సాయంత్రం తాత వాకిట్లో నీళ్ళకుండ తగిలి పడ్డాడు. దెబ్బ పెద్దది కాదు. కుండ కనపడలేదన్నాడు.

రోహిణి చివర.

ఇళ్ళ పొర అయింది. తాటాకు కప్పులకి నిజం తాటాకు సన్నగా చీల్చి అతికించాను. తాడి చెట్టు కూడా అలాగే, తాటినారతో. ఒడ్డు మీద ఒక్కటే తాడి ఉండేదట, ఒంటి తాడి అనేవారు.

తాడి పోసిన రోజు తాత ఒక మాట చెప్పాడు. దాంతో పని పెరిగింది.

"తాడికీ కొండకీ మద్దిన దూరముండాల," అన్నాడు.

"కొండని చిన్నగా గీస్తాను తాతా. దూరంగా ఉన్నట్టే కనపడుతుంది."

"అలగ కాదు. గీస్తే రాదు. మనం కదిల్తే తాడి నడుద్ది, కొండ నడవదు. మూపురం కొండకి మూపు పక్కన గాడి ఉంటాది. తాడి వచ్చి ఆ గాడిలో నిలబడితే ముందు మొగ, పడవ లోనికెల్లీ దారి, తిన్నగా ఉన్నట్టు. తాడి గాడికి కుడికుంటే బండలు. ఎడమకుంటే ఇసకదిబ్బ. అది సూసే అందరం దిగీవోళ్ళం. నిన్ను దింపింది కూడా అలాగే."

రెండు గంజిరేకులు పుల్లలకి కట్టి ఎదురెదురుగా పట్టుకుని చూశాను. దగ్గరగా ఉంటే తల కదిపినా ఏమీ కదలదు. బెత్తెడు ఎడం ఉంచితే ముందరి తాడి వెనక కొండ మీద అటూ ఇటూ నడిచింది. తాత చెప్పింది అర్థమైంది. తెరలో ఇది రాదు.

కానీ బెత్తెడు మందం బంక ఒక్కసారి పోస్తే అదే వేడెక్కి పగులుతుంది. పల్చగా పోసి, ఆరనిచ్చి, మళ్ళీ పోయాలి. దానికి రోజులు పడతాయి. మందం పెరిగేకొద్దీ బంక ముదురు రంగుకి తిరిగి చీకటిస్తుంది. తాత చూపుకి వెలుతురు కావాలి.

నూకాలు వంటింటి గుమ్మంలో నన్ను పక్కకి పిలిచింది. "పల్సగా పోసి అయిందనిపించప్పా. ముందు సూడనీ. కళ్ళు పోయాక నువ్వు బెత్తెడు పోసినా మూరెడు పోసినా ఒకటే."

ఆమె అన్నదాంట్లో తప్పు లేదు. రాత్రి భోజనం దగ్గర అదే ఆలోచించాను. పల్చగా పోస్తే ఆయన చూస్తాడు, కానీ చూసి "ఇదే" అంటాడా? అనకపోతే ఆ రంగురాయి ఆయన కళ్ళు ఉన్నప్పుడు అయితే ఏమిటి, పోయాక అయితే ఏమిటి.

బెత్తెడే పోస్తానని నూకాలుతో చెప్పాను. ఆమె రెండు రోజులు మాట్లాడలేదు.

మృగశిర కార్తె. మొదటి వాన.

వాన ముందే వచ్చింది. చేలో వాళ్ళకి సంతోషం. నా బంక ఆరడం మానేసింది. నిన్న పోసింది ఇవాళ వేలికి అంటుకుంటోంది, పైన తెల్లటి మసక కట్టింది. గుడ్డతో తుడిచి మళ్ళీ ఎదురుచూడటమే.

తాత రోజూ వస్తున్నాడు, పలక చూడటానికి కాదు. ఊరికే వచ్చి కూర్చుని, వేలితో బంక ముట్టుకుని "ఇంకా జిగటే" అని వెళ్తున్నాడు. వచ్చేటప్పుడు ఇప్పుడు రెండు చేతులూ ముందుకి చాపుకుని వస్తున్నాడు.

కొండ ఆకారం అడిగాను. నోటితో చెబితే నేను గీసినవి ఏవీ కుదరలేదు. ఒకటి మరీ గుండ్రం, ఒకటి పందిలా ఉందన్నాడు. చివరికి నా ఎడమ చెయ్యి పట్టుకుని పిడికిలి బిగించమన్నాడు. మణికట్టు కొంచెం వంచాడు. చూపుడువేలి కణుపు మీద నొక్కి, "ఇది మూపు," అన్నాడు. దాని పక్క పల్లంలో గోరు పెట్టి, "ఇది గాడి," అన్నాడు. "ఇక్కడికి రావాల తాడి."

కదలకుండా అలాగే దీపం ముందు చెయ్యి పెట్టి, గీత పలక మీద నీడ పడనిచ్చి, కుడిచేత్తో నీడ అంచు గీశాను. తాత గీతని చూడలేదు. నా పిడికిలిని మళ్ళీ ఒకసారి తడిమి, సరిపోయింది అన్నాడు.

మృగశిర, ముసురు.

ఐదో రోజు కూడా ఎండ లేదు. పైడితల్లి పిన్ని వచ్చి పలకని చూసి, నన్ను చూసింది.

"దీన్ని నా బట్టీకి మోయించు," అంది.

"పిక్కల పని అయిపోయింది కదా పిన్నీ. బట్టీ చల్లారిపోయింది."

"నిప్పు నా దగ్గరున్నాది, డొల్లలున్నాయి. సలికాలానికని దాసినాను. సలి వచ్చినప్పుడు సూద్దాం."

నలుగురు పట్టి మోశారు. బట్టీ పక్క గదిలో గోడలు వేడెక్కేదాకా పిన్ని డొల్లలు కాల్చింది. తన డొల్లలు అయిపోతే మెట్టమీది మా పేటలో ఆడవాళ్ళు తలా ఒక గంప తెచ్చారు. ఇవి పొయ్యిల్లోకి ఏడాదంతా సరిపోయే డొల్లలు. ఎవరినీ నేను అడగలేదు. నూకాలు కూడా తెచ్చింది. గంప దించి, "బెత్తెడు అయ్యిందా?" అంది.

"ఇంకా మూడువేళ్ళే."

"కానియ్," అంది. అక్కడే కూర్చుని బట్టీకి డొల్లలు ఎగదోసింది.

వేడికి చీమలు తిరిగి వచ్చాయి. ఒకటి బంకలో పడింది. చూసుకునేసరికి గట్టిపడింది. తాడికీ కొండకీ మధ్య, ఆకాశంలో ఉంది. వదిలేశాను. అది కూడా గవ్వలపేటకి వచ్చిందే.

బెత్తెడు నిండాక కొండ పొర ఇవాళ పోశాను. తోడు సీసా అడుగు కనపడింది.

ఆరుద్ర కార్తె.

పలక అచ్చులోంచి వచ్చింది. అంచులు రుద్ది, ఆముదంతో మెరుగుపెట్టి, బోర్లించి నిలబెట్టాను. గదిలో చూస్తే నల్లటి దుంగలా ఉంది. భయపడినంతా అయింది. దీపం వెనక పెట్టినా కొండ కనపడలేదు.

తాత చూపు బాగా తగ్గింది. నూకాలు చెప్పింది, ఎదురుగా ఉన్న మనిషి నిలువునా కనపడడట, ఒక చెంపో ఒక చెవో కనపడుతుందట.

తాతకి పలక సంగతి చెప్పాను, చీకటిగా ఉందని. దాచి లాభం లేదు.

"పొద్దు ఎక్కడెట్టినావు?" అన్నాడు.

"దీపం పెట్టి చూశాను తాతా."

"దీపమేటి. మేం ఏ వేళకి దిగీవోళ్ళం? పొద్దు కొండ మీదకి వాలీ వేళకి. సాయంత్రం పడమరకెట్టు."

సాయంత్రం మబ్బు. మర్నాడూ మబ్బు. ఆ మర్నాడు వాన.

ఆరుద్ర, తెరిపిచ్చిన రోజు.

మధ్యాహ్నం వాన ఆగింది. పడమర మబ్బు కింద ఒక చీలిక పడింది. పైడితల్లి పిన్ని బట్టీ గుమ్మం పడమరకి ఉంది. గుమ్మంలో రెండు దిమ్మల మీద పలక నిలబెట్టాం. పేటలో వాళ్ళు చాలామంది వచ్చారు. లోపల, పలకకి ఇవతల, నేల మీద చేపలతట్ట బోర్లించి తాతని కూర్చోబెట్టారు.

"సీకటిగున్నాది," అన్నాడు తాత.

పిన్ని బయట నిలబడి మబ్బు వైపు చూస్తోంది. పొద్దు చీలికలోకి జారుతోంది అని లోపలికి చెప్పింది.

ముందు కొండ అంచు ఎర్రబడింది. తర్వాత కొండ పైనంతా తేనె రంగు వెలిగింది. కింద ఇసక, పొలుసు, తట్టలు పట్టుకున్న మనుషులు, మా ముందు నీళ్ళు. బట్టీ గది గోడల మీద ఎర్రటి వెలుతురు పడింది.

తాత తల కుడికి జరిపాడు, ఎడమకి జరిపాడు. "ఏదో నిలువుగున్నాది," అన్నాడు. "తాడేనా?"

ఎవరైనా అవునంటారేమో అని నేను చెయ్యి ఎత్తాను. చూసేది ఆయనే, చెప్పాల్సింది ఆయనే.

"తాడే. కొండేది మరి. కొండ కానరాదు." కూర్చున్నచోటే నడుం పక్కకి వాల్చాడు. కుడిచెయ్యి పక్కనున్న గాలిని పట్టుకుని కొద్దిగా తోసింది, చుక్కాని పట్టినట్టు. ఇంకొంచెం వాలాడు. నూకాలు పడిపోతాడని దగ్గరికి వెళ్ళింది, ముట్టుకోలేదు.

ఆయనకి మిగిలిన చూపు ఒక చీలికంత. అందులో తాడి పడితే కొండ పట్టదు, కొండ పడితే తాడి పట్టదు. రెండూ ఒకదాని మీద ఒకటి వస్తేనే రెండూ పడతాయి.

తాత ఆగిపోయాడు. చెయ్యి కూడా ఆగిపోయింది.

"ఇప్పుడు తిన్నగా," అన్నాడు.

వల కింద ఉన్నప్పుడు నేను విన్న మాట అదే. అప్పుడు ఎందుకన్నాడో ఇన్నేళ్ళూ తెలియదు.

కాసేపటికి నూకాలు అడిగింది, "మాయమ్మ కనపడిందా నాయినా?"

"నేదు. ఉంటాదిలే, ఒడ్డునే." తర్వాత గొంతు పెంచి, గది అవతలివాళ్ళకి కూడా వినపడేటట్టు, "ఇదే," అన్నాడు. "గవ్వలపేట ఇదే."

అది పలక అయింది.

పొద్దు ఇంకా ఉంది. పిల్లలు ఆయన కూర్చున్నచోట ఒకరి తర్వాత ఒకరు కూర్చుని తల జరుపుకుంటున్నారు. తాడి ఎక్కడుందో పైకి చెప్పమంటున్నాడు తాత. ఒకడు గాడికి కుడిపక్కన ఉంది, దిగిపోనా అన్నాడు.

"బండలెక్కేసినావు. మునిగిపోయినావు. లెగు, ఎనక్కెల్లి మళ్ళీ రా," అన్నాడు తాత. వాడు నిజంగానే వరస చివరికి వెళ్ళి నిలబడ్డాడు. గాలిగోపురం సంగతి అడిగింది వాడేనని నూకాలు చెప్పింది.

నూకాలు కూర్చుంది. తాడి జోలికి పోలేదు. ఒడ్డునే చూసింది, ఒక కాలు మీద బరువు వేసి నిలబడ్డ గోరంత మనిషిని. లేచేటప్పుడు నా భుజం మీద చెయ్యి వేసి లేచింది.

పైడితల్లి పిన్ని లోపలికి వచ్చి తన వంతు చూసుకుంది. చీమని కనిపెట్టింది. "ఆకాశంలో ఇదేటే దాలీ?"

"చీమ పిన్నీ. నీ బట్టీదే."

"అయితే నాదీ ఉన్నాది ఇందులో," అంది తృప్తిగా. ఆమెది చాలా ఉంది. ఆ సంగతి అందరికీ వినపడేటట్టు చెప్పాను. అలాంటి మాటలు నాకు తొందరగా రావు. ఇవాళ వచ్చాయి.

చివర నా వంతు వచ్చింది. తట్ట మీద కూర్చున్నాను. పొద్దు సగం దిగింది, బంక ముదురు ఎరుపు. నేను గీసినదే, నా పిడికిలి నీడే. అయినా తల జరుపుతుంటే తాడి నిజంగా నడిచింది. మూపు దాటింది, గాడి దగ్గరికి వచ్చింది.

తాత నా పక్కన గోడకి ఆనుకుని ఉన్నాడు. ముఖం నా వైపు తిప్పాడు గాని చూపు నా మీద లేదు.

"ఏటే గుంటా," అన్నాడు. "ఈ తూరి కళ్ళు తెరిసే ఉన్నావా?"

"తెరిచే ఉన్నాను తాతా," అన్నాను. తాడి గాడిలో నిలిచింది.